రెండో ఆప్షన్

వెంకటేశ్వర రావుకి దేవుడిచ్చిన విద్య ఒక్కటే. ఎంత చిక్కు విషయాన్నైనా మూడు ఆప్షన్లుగా విడగొట్టి, పై అధికారి నోటితో రెండోదే అనిపించడం.

చాంగీ బిజినెస్ పార్కులో ఆయన పనిచేసే బ్యాంకులో ఏ నిర్ణయమైనా స్లైడు మీదే జరగాలి, స్లైడు మీద మూడు గళ్లుండాలి. అది ఆ ఆఫీసు ఆచారం. ఒక్క దారే చూపిస్తే "ఇంకేమీ ఆలోచించలేదా?" అని అడుగుతారు. రెండు చూపిస్తే తేల్చుకోలేక మీటింగు వాయిదా వేస్తారు. మూడు చూపిస్తే పెద్దవాళ్ల ప్రాణానికి హాయిగా ఉంటుంది. రావు మొదటి గడిలో ఏమీ చేయకుండా కూర్చోవడం గురించి రాస్తాడు. అది చదివితే ఎంత పిరికివాడికైనా సిగ్గు ముంచుకురావాలి. మూడో గడిలో రాసింది చదివితే ఎంత తెగించినవాడికైనా చెమటలు పట్టాలి. తనకి కావలసింది మధ్య గడిలో పెట్టి, దానికి లేత ఆకుపచ్చ రంగు పూస్తాడు. పై అధికారి కళ్లజోడు సర్దుకుని, గడ్డం నిమురుకుని, అదేదో తానే కనిపెట్టినట్టు "ఆప్షన్ టూ బెటరేమో" అంటాడు. అప్పుడు రావు మొహంలో వచ్చే ఆశ్చర్యం ఉంది చూశారూ, దానికి ఏదో ఒక అవార్డు ఇచ్చి తీరాలి.

ఇంట్లో మాత్రం ఆయన సలహాదారు కాదు, ప్రభువు. కనీసం ఆయన అలాగే అనుకుంటాడు. వాళ్లుండే చోవా చూ కాంగ్‌లో తెలుగువాళ్లు నలుగురు చేరిన ప్రతిచోటా "మా ఇంట్లో ఏదైనా ఫైనల్‌గా తేల్చేది నేనేనండీ" అంటాడు. భార్య వసుంధర పక్కనే నిలబడి, అవునన్నట్టు తలూపుతుంది. పోయిన సెలవుల్లో ఏం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆవిడ ఒక్క ముక్కలో అడిగింది: "కాకినాడలో మా మేనత్తగారి మనవడి ఫంక్షన్‌కి వెళ్లి సెలవులయ్యేదాకా అందరితో కలిసి ఆ ఇంట్లోనే ఉందామా, బాలి వెళ్దామా, లేకపోతే ఇక్కడే ఉండి స్టోర్ రూమ్ సర్దుతారా?" రావు రెండు రోజులు గంభీరంగా ఆలోచించి, బాలి అని తీర్పు చెప్పాడు. ఎండ టోపీలు అప్పటికే కొని బీరువాలో దాచి ఉన్నాయన్న సంగతి ఆయన కంట పడలేదు.

ఇప్పుడు ఆయన ప్రాణం ఒక గది మీద ఉంది. తలుపున్న గది. వాళ్ల డివిజన్ పెద్ద, శాంతిని అనే ఆవిడ, ఆ గదిలో కూర్చుంటుంది. ఆవిడ మలేషియాలో పుట్టిన తెలుగు మనిషి. తండ్రి గోపాలకృష్ణ, మామ్మ పైడమ్మ పెరాక్ తోటల్లో మాట్లాడిన తెలుగునే ఈవిడా మాట్లాడుతుంది, మధ్యలో కాస్త మలయ్, కాస్త తమిళం, మాట చివర అక్కడివాళ్ల "లా" కలుపుకుని. ఆవిడకి కౌలాలంపూర్ ఆఫీసుకి బదిలీ అయింది. ఆవిడ కుర్చీ ఎవరికో ఒకరికి రావాలి. ఆ ఒకరు తానే కావాలని రావు ఎన్నాళ్ల నుంచో కలలు కంటున్నాడు. ఇన్నేళ్లూ ఊరందరి నిర్ణయాలూ తానే వండి వార్చాడు, స్లైడు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో పేరు వేయించుకున్నాడు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, "ఆప్షన్ టూ" అనే కుర్చీలో తాను కూర్చోవాలి.

పోటీకి ఉన్నది మహీధర్. కరీంనగర్ కుర్రాడు. కుర్రాడంటే నలభై దాటినవాడే, రావు కంటే చిన్న కాబట్టి కుర్రాడు. ఉండేది అదే బ్లాకులో. రోజూ ఇద్దరూ కలిసే రైలెక్కి, ఈ బుల్లి ద్వీప దేశం పడమటి కొస నుంచి తూర్పు కొసకి వెళ్తారు. రావు డబ్బాలోని గోంగూర మహీధర్‌కీ, మహీధర్ డబ్బాలోని సర్వపిండి రావుకీ చేరడం చాలా ఏళ్లుగా నడుస్తున్న ఒప్పందం. స్నేహం స్నేహమే. అయినా గది ఒక్కటే కదా.

ఇలా ఉండగా, బ్యాంకు తన పెద్దతలకాయలందర్నీ రెండు రోజుల శిక్షణకి పంపింది. యుద్ధాలు ఎలా మొదలవుతాయో నేర్చుకోవడానికి. బ్యాంకువాళ్లకి యుద్ధాలతో ఏం పని అని మీరు అడగవచ్చు. రావూ అడిగాడు. ప్రపంచం ప్రమాదంలో ఉంది కాబట్టి అందరూ తెలుసుకోవాలని పైనుంచి జవాబొచ్చింది. శిక్షణ క్రాంజీలో. చోవా చూ కాంగ్ నుంచి రెండే స్టేషన్లు. దేశమంతా ఈదుకుంటూ ఆఫీసుకి వెళ్లే రావుకి అదే పెద్ద బహుమానంలా తోచింది.

బయల్దేరుతుంటే వసుంధర వంటింట్లోంచి అడిగింది. "సాయంత్రానికి ఉప్మా చేయనా, గుత్తివంకాయ చేయనా, లేకపోతే హాకర్ సెంటర్‌లో మీరే ఏదో ఒకటి తినేసి వస్తారా?"

రావు బూట్ల లేసు కట్టుకుంటూ కాసేపు ఆలోచించాడు. "గుత్తివంకాయ చెయ్యి" అని ఆజ్ఞ జారీ చేశాడు.

గుత్తులుగా చీల్చిన వంకాయలు అప్పటికే ఉప్పునీళ్లలో తేలుతున్నాయి.

క్రాంజీ స్టేషన్ దగ్గర ఎక్కించుకున్న బస్సు తోటల మధ్య నుంచి ఒక పాత భవనానికి చేర్చింది. అక్కడ యాకూబ్ అనే రిటైర్డ్ సైనికాధికారి వీళ్లకోసం ఎదురుచూస్తున్నాడు. తెల్లజుట్టు, ఇస్త్రీ చొక్కా, ఎవరేం చెప్పినా "బాగుంది" అనే అలవాటు. ఆయన రెండు దేశాలు పుట్టించాడు, కాస్టోరా, వెలీనా. రెంటికీ మధ్య సముద్రంలో ఒక బండరాయి. దాని మీద కాకుల్లాంటి పక్షులూ, అవి వేసిన రెట్టలూ తప్ప ఇంకేమీ లేవు. ఆ బండ మాదంటే మాదని రెండు దేశాలూ తగువులాడుకుంటాయి. పక్కపక్క గదుల్లో రెండు మంత్రివర్గాలు కూర్చుంటాయి. ఏం చేస్తారో మీ ఇష్టం అన్నాడు యాకూబ్.

పదవులు చీటీలు వేసి పంచారు. శాంతినిని హోదాకి గౌరవం ఇచ్చి చీటీ లేకుండానే కాస్టోరా ప్రధానమంత్రిని చేశారు. రావు కళ్లు మూసుకుని వెంకన్నని తలుచుకుని చీటీ తీశాడు. జాతీయ భద్రతా సలహాదారు.

"చచ్చాం! ఇక్కడా సలహాదారేనా!" అని పైకే అనేశాడు.

పేరోల్ సెక్షన్‌లో పనిచేసే ఒక లావుపాటి చైనీస్ పెద్దమనిషి సైన్యాధిపతి అయ్యాడు. అయిన మరుక్షణం నుంచి ఛాతీ విరుచుకుని నడవడం మొదలుపెట్టాడు. రావు డివిజన్‌లోనే పనిచేసే అనంతపురం అమ్మాయి అలేఖ్యకి విదేశాంగ శాఖ వచ్చింది. మహీధర్ అవతలి గదిలో పడ్డాడు. వెలీనా భద్రతా సలహాదారు! చీటీ చూసుకుని, తలుపు దగ్గర నుంచే రావుకి దండం పెట్టి నవ్వాడు.

యాకూబ్ రావుని పక్కకి పిలిచి పదవి గురించి వివరించాడు. సలహాదారు కింద సైన్యం ఉండదు, శాఖ ఉండదు, బడ్జెట్ ఉండదు. ఉన్నదల్లా ప్రధాని కుర్చీకి దగ్గరగా ఒక కుర్చీ. పొద్దున్నే ప్రధాని మొదట చదివే కాగితం ఆయనదే. గదిలోకి ఎవరు రావాలి, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలి, అందరూ వెళ్లిపోయాక చివరిగా చెవిలో మాట ఎవరు వేయాలి, ఇవన్నీ ఆయన చేతిలోవే. రావు వింటున్నకొద్దీ మొహం వికసించింది. ఓరినాయనోయ్, ఇది నా ఉద్యోగమే కదా!

పది గంటలకి సంక్షోభం వచ్చింది. వెలీనా ఓడ ఒకటి బండ దగ్గర ఆగింది. దాని మీద పెద్ద క్రేను ఉంది. గూఢచారి శాఖ ఒక మసక ఫోటో, దానితో ఒక కాగితం పంపింది. క్రేను దేనికో తెలియడం లేదు, మత్స్యకారుల కోసం దీపం బిగించడానికి కావచ్చు, ఫిరంగి దింపడానికీ కావచ్చు, ఖచ్చితంగా చెప్పలేము అని అందులో ఉంది.

రావు ఆ కాగితాన్ని తన స్లైడులోకి ఎక్కించాడు. ఇక్కడే ఆయన చెయ్యి చూడాలి. ఒక్క అబద్ధం రాయలేదు. ఫిరంగి మాట పైన లావు అక్షరాల్లో పెట్టాడు. దీపం మాట అడుగున, పేజీ నంబరు పక్కన, తన పేరు ఎప్పుడూ ఉండే చోట పెట్టాడు. "తెలియడం లేదు" అన్నది తీసేసి "వేగంగా మారుతున్న పరిస్థితి" అన్నాడు. ఆ తర్వాత మూడు గళ్లు గీశాడు. ఒకటి, ఏమీ చేయకపోవడం: ప్రజలు నవ్వుతారు, బండ పోతుంది, రేపు ఇంకోటి పోతుంది. రెండు, పరిమిత చర్య: రెండు ఓడలు పంపి, క్రేను ముందు ఒక్క గుండు పేల్చి, తిరిగి రావడం. మూడు, వెలీనా రాజధాని మీద దాడి. రెండోదానికి లేత ఆకుపచ్చ పూశాడు.

ఎందుకు ఆ రెండోదే కావాలనిపించిందంటే, నిజం చెప్పాలి, ఆయనకి ఆ బండ గురించి ఏ అభిప్రాయమూ లేదు. శాంతిని గట్టి మనిషిలా కనిపించాలి, ఆ గట్టితనం వెనక రావు ఉన్నాడని ఆవిడకి తెలియాలి. అంతే.

మంత్రివర్గం కూర్చుంది. రావు ముందు సైన్యాధిపతి చేత మాట్లాడించాడు. పేరోల్ పెద్దమనిషి బల్ల గుద్ది మరీ మాట్లాడాడు. అలేఖ్య చెయ్యెత్తింది. బల్ల మీద ఒక ఎర్ర ఫోన్ ఉంది. ప్రధాని అనుమతి ఇస్తే అవతలి ప్రధానితో మాట్లాడవచ్చు. రావు తన స్లైడు కాగితాలు ఫ్యాను గాలికి ఎగరకుండా ఆ ఫోన్‌ని వాటి మీద బరువుగా పెట్టాడు.

అలేఖ్య గొంతు తగ్గించి తెలుగులో అంది. "సార్, ఆ క్రేను ఏందో ఫోన్ జేసి వాళ్లనే అడిగితే పోతాది కదా? మనం ఇంతసేపు ఈడ గింజుకునేదెందుకు?"

"మంచి పాయింటమ్మా. టీ తర్వాత నువ్వే మాట్లాడుదువుగాని" అన్నాడు రావు. టీ లోపలే నిర్ణయం అయిపోతుందని ఆయనకి తెలుసు.

శాంతిని స్లైడు చూసింది. కళ్లజోడు సర్దుకుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"ఏటి రావ్ గారూ, ఆప్షన్ టూ బాగున్నట్టుంది లా" అంది.

రావు ఆశ్చర్యపోయాడు. అద్భుతంగా ఆశ్చర్యపోయాడు.

ఆ పరిమిత చర్య ఏమైందంటే, కాస్టోరా ఓడలు ఒక్క గుండు పేల్చాయి. అవతలి గదిలో మహీధర్ కూడా ఇదే బ్యాంకు మనిషి కదా, అతనూ మూడు గళ్లే గీశాడు, వాళ్ల ప్రధానీ మధ్యదే ఎంచుకున్నాడు. వెలీనా పరిమితంగా ఒక ఓడని ముంచింది. దానికి కాస్టోరా పరిమితంగా ఒక రేవుని కాల్చింది. భోజనాల వేళకి పరిమిత చర్యలు ఎన్నయ్యాయో లెక్కపెట్టడం అందరూ మానేశారు. భోజనాల దగ్గర కూడా రావు ఒక మూల, మహీధర్ ఇంకో మూల కూర్చున్నారు. చాలా ఏళ్ల చరిత్రలో మొదటిసారి గోంగూర సరిహద్దు దాటలేదు.

సాయంత్రం యాకూబ్ రెండు దేశాల్లో ఎంతమంది పోయారో చదివాడు. మధ్యాహ్నం టీ ఎక్కడ పెట్టారో చెప్పిన గొంతుతోనే చదివాడు.

"యుద్ధం ఎవరు మొదలుపెట్టారు?" అని అడిగాడు.

సలహాదారు కాగితం చూసి నిర్ణయించానంది శాంతిని. నేను ఆప్షన్లే ఇచ్చాను, నిర్ణయం మేడమ్‌దన్నాడు రావు. ఆజ్ఞ పాటించానన్నాడు పేరోల్ పెద్దమనిషి, అప్పటికి ఛాతీ కాస్త దిగింది.

"బాగుంది" అన్నాడు యాకూబ్. "పొద్దున మీరు రాగానే అందర్నీ విడివిడిగా అడిగాను. యుద్ధం కావాలన్నవాళ్లు రెండు గదుల్లోనూ ఒక్కరూ లేరు."

తిరిగి వెళ్లే బస్సు యుద్ధ శ్మశానం పక్క నుంచి వెళ్లింది. వాన పడుతోంది. గట్టు మీద సమాధుల తెల్లరాళ్లు వరసలు వరసలుగా, తడిసి మెరుస్తున్నాయి. రావు ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాడు, ఎప్పుడూ అటు చూసింది లేదు. ఇప్పుడు చూపు తిప్పుకోలేకపోయాడు. ఆ రాళ్ల వెనక కూడా ఎక్కడో ఎవరో గళ్లు గీసి ఉంటారు కదా అనిపించింది.

వెనక సీటు నుంచి మహీధర్ వంగి, "మస్తుగ కొట్లాడినం కదన్నా!" అన్నాడు. ఆ రాత్రి గుత్తివంకాయ కూడా రావుకి సయించలేదు.

మర్నాడు పొద్దున శాంతిని ప్రధాని కుర్చీ పక్కన నిలబడి ఉంది.

"ఇవాళ మీరు కూకోండి రావ్ గారూ. నాను అడ్వైజర్‌ని. నా సీటులోకి రాబోయేవోళ్లు ఎలా కూకుంటారో నాను సూడాలి కదా. అక్కడ మహీధర్‌నీ కూకోబెట్టమన్నాను."

అదీ సంగతి! ఇది ఆట కాదు, పరీక్ష. రావు కుర్చీలో కూర్చున్నాడు. మెత్తగా ఉంది, తిరుగుతోంది కూడా. ఇన్నేళ్ల కల. కూర్చున్నాక మనసులో గట్టిగా ఒట్టు పెట్టుకున్నాడు. నాకు ఈ విద్య పుట్టుకతో వచ్చు. మధ్య గడి జోలికి పోను. ఏమైనా సరే, చచ్చినా సరే, రెండోది అనను.

సంక్షోభం వచ్చింది. కాస్టోరా చేపల పడవని వెలీనా పట్టుకుంది. పడవలో ఉన్నవాళ్లు ఏమయ్యారో తెలియదు. శాంతిని లేచి స్లైడు వేసింది. మూడు గళ్లు. రావు లోలోపల నవ్వుకున్నాడు. ఒకటి, ఓడలన్నీ వెనక్కి పిలిచి, టీవీలో వెలీనాకి క్షమాపణ చెప్పడం. రెండు, పడవని విడిపించడానికి పరిమిత ఆపరేషన్. మూడు, వెలీనా రేవులన్నిటి మీదా బాంబులు.

మధ్యదానికి లేత ఆకుపచ్చ రంగు పూసి ఉంది. అదే రంగు!

"రెండోది కాదు" అనుకున్నాడు రావు. మొదటిది అనబోయాడు. సైన్యాధిపతి ఆయన్నే చూస్తున్నాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. పడవలోవాళ్ల ఇళ్లలో జనం ఏడుస్తుంటే టీవీలో క్షమాపణ ఎలా చెప్తాం? పోనీ మూడోదా? నిన్నటి తెల్లరాళ్లు కళ్ల ముందు నిలిచాయి. అమ్మో! గోడ గడియారం కొట్టుకుంటోంది. కాగితం మీద ఇంకో దారి లేదు. కాగితం మీద లేనిది అసలు లోకంలోనే లేనట్టుంది, అదేమిటో. చివర కూర్చున్న అలేఖ్య చెయ్యెత్తింది. రావు చూశాడు. చూసి కూడా, "ఒక్క నిమిషమమ్మా" అన్నాడు. ఎర్ర ఫోన్ మీద ఎవరో ఖాళీ టీ కప్పు పెట్టారు.

"టైమ్ అవుతోంది రావ్ గారూ. ఇవాళ వదిలేస్తే మరి సాన్సు దొరకదు" అని శాంతిని చెవి దగ్గర మెల్లగా అంది.

ఆ మాట కూడా తనదే. ఎంతమంది చెవుల్లో ఎన్నిసార్లు ఊదాడో! అంతా తెలుసు. అన్నీ తెలుసు. తెలిసి తెలిసీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆప్షన్ టూ" అన్నాడు రావు. సిగ్గేసి, "పరిమితంగా. చాలా పరిమితంగా" అని కలిపాడు.

శాంతిని కనుబొమలెత్తి ఆశ్చర్యపోయింది. రావు కంటే బాగా ఆశ్చర్యపోయింది.

ఆ రోజు రేవులు భోజనాలకి ముందే కాలిపోయాయి. అంతా ముగిశాక యాకూబ్ రెండు దేశాలవాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి, వెలీనా ప్రధానికి రెండు రోజులూ తాను ఇచ్చిన రహస్య ఆదేశం చదివాడు. నిన్నటిది: ఓడ దీపం బిగించడానికి వచ్చింది, అవతలి నుంచి ఫోన్ వస్తే వెనక్కి పిలవండి. ఇవాళ్టిది: పడవ ఇంజన్ చెడిపోతే మీవాళ్లే కాపాడారు, ఫోన్ వస్తే అప్పగించండి. మొదట మీరుగా ఫోన్ చేయకూడదు. "రెండు రోజులూ ఫోన్ మోగలేదు. బాగుంది" అన్నాడు.

మహీధర్ తల దించుకున్నాడు. రావు అలేఖ్య వైపు చూడలేకపోయాడు. ఆ అమ్మాయి మాత్రం ఫోన్ మీది టీ కప్పు తీసి, ట్రేలో పెట్టి, చేతులు తుడుచుకుంది.

బస్సు కోసం వరండాలో నిలబడ్డప్పుడు శాంతిని ఆయన పక్కకొచ్చింది. రావు ఉండబట్టలేకపోయాడు.

"మేడమ్, ఒక్క మాట. అది నా ట్రిక్కని నిన్న మీకు తెలుసా?"

"తెలీకేటి! మొదటిదీ మూడోదీ రాయడానికి నాకు టీ సల్లారేంత సేపు పట్టనేదు. నడిమిదానికే పొద్దంతా పట్టింది. మీకూ అంతే కదా?"

"అంతే" అన్నాడు రావు. "మరి తెలిసీ నిన్న ఎందుకు ఒప్పుకున్నారు?"

"మరి మీరు ఇవాళ ఎందుకు ఒప్పుకున్నారండీ?" అని ఆవిడ నవ్వింది. జాలిగానే నవ్వింది.

రావు అడగకుండా ఉండలేడు, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. "అయితే... మీ సీటు సంగతి?"

"అది నా సేతిలో ఉందేటి? హెడ్డాఫీసు తేలుస్తుంది. నాను సలహా మాత్రమే ఇవ్వాలి లా. ఇప్పుడే, మీరందరూ టీ తాగతుండగా, మూడు పేర్లు పంపీసేను."

"నా పేరు...?"

"లేకుండా ఎలాగుంటాది! మీదే మొదటిది."

రావుకి ఒళ్లంతా పులకరించింది. మొదటిది! వసుంధరకి వెంటనే చెప్పాలి. గదికి కర్టెన్లు ఏ రంగువి వేయాలి? ఆ సంతోషంలోనే, మర్యాదకి అన్నట్టు అడిగాడు. "రెండోది ఎవరిదండీ?"

"అలేఖ్య."

"మూడోది మహీధర్‌దా?"

"అవును."

రావు పులకరింత మెడ దగ్గరే ఆగిపోయింది. "నా గురించి ఏం రాశారు మేడమ్?" అని మెల్లగా అడిగాడు.

"మంచే రాసేను. నెమ్మదస్తుడు, ఈయనొస్తే ఏదీ మారదు, అంతా ఉన్నది ఉన్నట్టే ఉంటాదని." ఆవిడ అంత దాకా చెప్పి ఆగింది. "మహీధర్ గురించీ మంచే. వస్తే అంతా తిరగేసి కొత్తగా కట్టేస్తాడని."

ఏమీ చేయకపోవడం. రాజధాని మీద దాడి. ఇక మిగిలింది ఎవరో రావుకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది, ఏది ముందు రానివ్వాలో తెలియక దగ్గాడు.

"ఆ అమ్మాయి రెండు దినాలూ సెయ్యెత్తింది. నాను సూసేను. ఫోన్ సేద్దామనే మనిషి ఒకళ్లు ఆ గదిలో ఉండాలి రావ్ గారూ" అని, శాంతిని గొడుగు విప్పుకుని తన కారు వైపు వెళ్లిపోయింది.

క్రాంజీ స్టేషన్ బయట బస్సు దిగాక మహీధర్ పరుగెత్తుకుంటూ వచ్చి కలిశాడు. "అన్నా, మేడమ్‌తోని శానసేపు మాట్లాడినవ్. ఏమంటది?"

"ముగ్గురి పేర్లు పంపిందిట. నాది మొదటిది, నీది మూడోది."

మహీధర్ మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత అతనూ ఆ బ్యాంకు మనిషే కదా. "నడుమల?" అని అడిగాడు.

"అలేఖ్య."

"అయిపాయె" అన్నాడు మహీధర్. ఇక ఆపుకోలేక ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. దారిన పోయేవాళ్లు తిరిగి చూసేంత నవ్వు. మహీధర్ సంచిలోంచి డబ్బా తీసి రావు చేతిలో పెట్టాడు. "నిన్నటి సంది సర్వపిండి నీ కోసం మోస్తున్న. రైల్ల తినద్దు, ఇంటికాడ తిను." గోంగూర డబ్బా ఇటు నుంచి అటు వెళ్లింది.

రైలెక్కగానే రావు ఫోన్ మోగింది. వసుంధర.

"ఏవండీ, బయల్దేరారా? రాత్రికి ఉప్మా చేయనా, దోసకాయ పప్పు చేయనా, లేకపోతే దారిలో ఏదైనా తినేసి వస్తారా?"

రావు ఫోన్ చెవి నుంచి తీసి, దాని వైపు ఒకసారి వింతగా చూశాడు. ముప్ఫై ఏళ్ల కాపురం కళ్ల ముందు తిరిగింది. బాలి. ఎండ టోపీలు. వంకాయలు. సోఫా రంగు. పిల్లవాడి స్కూలు. అన్నీ తానే తేల్చాడు. అన్నీ మధ్యవే.

"ఉప్మా" అన్నాడు. మొదటి గడిలో పెట్టినదాని మీద ఆయనకి ఎన్నడూ లేని అభిమానం పుట్టింది. "ఉప్మా చెయ్యి వసూ. నాకు ఉప్మాయే కావాలి."

"ఉప్మానా?" అంది వసుంధర. "ఇంట్లో రవ్వ లేదండీ. మీరు ఉప్మా అంటారని నేనెప్పుడు అనుకున్నాను?"

పక్కన మహీధర్ గోంగూర డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆయన మొహం చూస్తున్నాడు. రావు ఊపిరి పీల్చుకుని, రెండు రోజుల్లో ఎవరినీ అడగని ప్రశ్న మొదటిసారి అడిగాడు.

"పోనీ, అసలు ఇంట్లో ఏముందో చెప్పు."

"దోసకాయ పప్పు" అంది వసుంధర. "మధ్యాహ్నమే వండేశాను."